సత్యోపదేశం టీచర్‌గా చేరడానికి దరఖాస్తు: అందరూ ఆగిపోయేది జ్ఞానస్నాన సర్టిఫికెట్ దగ్గరే

పిల్లలకి సత్యోపదేశం (కతోలిక విశ్వాస పాఠాలు) చెప్పడానికి మనుషులు కావాలని చర్చిలో పూజ అయ్యాక అనౌన్స్ చేస్తారు, నలుగురైదుగురు ముందుకొచ్చి పేర్లిస్తారు, క్లాసులు మొదలయ్యేసరికి అందులో సగం మంది కనపడరు. ఇష్టం లేక కాదండీ, ఏదో ఒక కాగితం సరిగ్గా లేదని ఆఫీసులో చెప్తారు, మళ్లీ వెళ్లి అడగడానికి మొహమాటం, అక్కడితో వదిలేస్తారు. పిల్లలతో చక్కగా కలిసిపోయేవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు ఇలా వెనక్కి వెళ్లిపోతుంటే చూడలేక ఇది రాస్తున్నా.

మొదటి మెట్లు సులువే. ముందు విచారణ గురువుని (మీ చర్చి పరిధిని, అంటే విచారణని చూసుకునే ఫాదర్‌గారిని) గానీ సత్యోపదేశం చూసుకునే సిస్టర్‌ని లేదా కోఆర్డినేటర్‌ని గానీ కలవండి. ఎవరితో మాట్లాడినా చివరికి ఒప్పుకోవాల్సింది ఫాదర్‌గారే, ఎందుకంటే విచారణలో పిల్లల సత్యోపదేశం బాధ్యత ఆయనదేనని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 776వ నిబంధనలోనే ఉంది. ఫారంలో పేరు, అడ్రస్, ఫోన్, ఏ సంస్కారాలు (జ్ఞానస్నానం లాంటివి) ఎప్పుడు ఎక్కడ తీసుకున్నారు, మీ గురించి చెప్పగలిగే ఇద్దరి పేర్లు, ఏ వయసు పిల్లలకి చెప్పాలనుకుంటున్నారు, ఇంతే దాదాపు. వేదశాస్త్రం చదివి ఉండాలేమో అని చాలామంది భయపడతారు, అక్కర్లేదు. ఉపదేశకులకి (సత్యోపదేశం చెప్పేవాళ్లకి) తగిన శిక్షణ ఇప్పించే బాధ్యత బిషప్‌గారి మీద ఉంది (780వ నిబంధన), అంటే నేర్పేది వాళ్లే, మీరు అన్నీ నేర్చుకుని రావాలని ఎవరూ అనుకోరు. వయసు నియమం మేత్రాసనాన్ని (ఒక బిషప్‌గారి కింద ఉండే ప్రాంతాన్ని) బట్టి ఉంటుంది, మామూలుగా సొంతంగా క్లాసు తీసుకోవాలంటే 18 నిండాలంటారు.

ఇక అసలు విషయం, జ్ఞానస్నాన (బాప్తిస్మం) సర్టిఫికెట్. ఇంట్లో బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఎప్పటిదో ఒకటి ఉంటుంది కదా, చిన్నప్పుడు ఇచ్చింది, అమ్మ భద్రంగా దాచింది. అది జిరాక్స్ తీసి పట్టుకెళ్తారు. ఆఫీసులో చూసి, ఇది కాదు కొత్తది తీసుకురండి అంటారు. ఉన్నది పనికిరాదంటారేంటి, అనుమానమా అని బాధపడతారు మనవాళ్లు. అనుమానం కాదు. మీ జ్ఞానస్నానం రాసిన రిజిస్టర్‌లో మీ వరుస పక్కన కొంచెం ఖాళీ వదిలి ఉంటుంది, తర్వాత మీకు జరిగే భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్, జ్ఞానస్నానం తర్వాత విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం), పెళ్లి, ఇలాంటివన్నీ ఆ పక్కన రాయాలి (535వ నిబంధన). అంటే ఆ ఒక్క వరుస చూస్తే శ్రీసభలో మీరు ఎక్కడున్నారో తెలిసిపోతుంది. చిన్నప్పటి సర్టిఫికెట్ మీద ఆ తర్వాతవి ఎలా ఉంటాయి? అందుకే ఈమధ్య తీసిన కాపీ, పక్కన రాసిన నమోదులతో సహా కావాలంటారు, చాలాచోట్ల ఆరు నెలల లోపుది అడుగుతారు.

దీనికోసం మీరు ఇప్పుడు వెళ్తున్న చర్చిని కాదు, జ్ఞానస్నానం జరిగిన చర్చిని అడగాలి. ఫోన్లో అడిగితే తర్వాత చూస్తామంటారు, రాసి పంపడం మేలు. అప్పుడు పెట్టిన పూర్తి పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు, జ్ఞానతల్లి జ్ఞానతండ్రుల (జ్ఞానస్నానంలో మీ పక్కన నిలబడ్డవాళ్ల) పేర్లు, తేదీ తెలియకపోతే కనీసం ఏ సంవత్సరమో, దీంతో పాటు మీ గుర్తింపు కార్డు కాపీ. లెటర్‌లో ఒక్క మాట మర్చిపోవద్దు, పక్కన ఉన్న నమోదులన్నీ సర్టిఫికెట్ వెనక రాసి ఇవ్వండి అని. ఆ మాట లేకపోతే మళ్లీ పాతదాని నకలే వస్తుంది, తిరుగుడు మళ్లీ మొదలు.

సరే కొత్తది వచ్చింది, తిప్పి చూస్తే భద్రమైన అభ్యంగనం దగ్గర ఖాళీ. ఇక్కడే ఎక్కువమంది ఆశ వదిలేసుకుంటారు. తీసుకున్నది నిజం, ఫోటోలు కూడా ఉన్నాయి, రిజిస్టర్‌లో మాత్రం లేదు. ఎందుకిలా అంటే, మీకు అభ్యంగనం ఇంకో ఊళ్లో జరిగితే అక్కడి గురువు జ్ఞానస్నానం జరిగిన చర్చికి కబురు పంపాలి, 895వ నిబంధన అదే చెప్తుంది, కానీ ఒకేసారి పెద్ద బ్యాచ్ ఉన్నప్పుడు కొన్ని ఉత్తరాలు పోవు, పోయినా ఎక్కవు. మీ తప్పేం లేదు ఇందులో. అభ్యంగనం జరిగిన చర్చికి గానీ మేత్రాసన కార్యాలయానికి గానీ రాయండి, ఆ రిజిస్టర్ ఈ రెంటిలో ఒకచోట ఉంటుంది. అక్కడి నుంచి వచ్చిన సర్టిఫికెట్‌ని దరఖాస్తుతో జతచేసి, ఒక కాపీ జ్ఞానస్నానం జరిగిన చర్చికి కూడా పంపించి ఎక్కించుకోమనండి, రేపు పెళ్లికీ పనికొస్తుంది, ఎవరికైనా జ్ఞానతల్లిగానో జ్ఞానతండ్రిగానో నిలబడాల్సి వచ్చినా పనికొస్తుంది.

రిజిస్టరే పోయిందనుకోండి, వరదలో తడిసో చెదలు పట్టో, అప్పుడూ దారి ఉంది. ఇంకెవరికీ నష్టం లేని విషయమైతే నమ్మదగిన ఒక్క సాక్షి చెప్పినా చాలని చట్టంలో ఉంది (876, 894). ఆ రోజు మీ పక్కన నిలబడ్డ జ్ఞానతండ్రో, పూజలో ఉన్న మేనత్తో ఫాదర్‌గారి ముందు రాసిచ్చి సంతకం పెడితే ఆయన చూసుకుంటారు. ఈ సంగతి తెలియక ఊరుకున్నవాళ్లు ఎంతమందో.

కొందరు ఇంకో సలహా ఇస్తారు, ఇదంతా ఎందుకు, ఈ ఏడాది బ్యాచ్‌లో మళ్లీ అభ్యంగనం తీసేసుకుంటే కాగితం వస్తుంది కదా అని. దయచేసి ఆ పని చేయకండి. జ్ఞానస్నానం లాగే అదీ జీవితంలో ఒక్కసారే, రెండోసారి ఇవ్వకూడదు (845). అసలు తీసుకోలేదని తేలితే మాత్రం సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఫాదర్‌తో చెప్పండి, పెద్దవాళ్లకి కూడా సిద్ధం చేసి ఇస్తారు, ఒక ఏడాది ఆలస్యం అవుతుందేమో అంతే. వేరే సంఘంలో బాప్తిస్మం తీసుకుని తర్వాత కతోలిక శ్రీసభలోకి వచ్చినవాళ్లు, మిమ్మల్ని చేర్చుకున్న విచారణని అడగండి, ఆ రికార్డు అక్కడ ఉంటుంది.

పేరులో తేడా కూడా మామూలే, రిజిస్టర్‌లో పునీతుల (సెయింట్ల) పేరు, గుర్తింపు కార్డులో ఇంటి పేరుతో ఇంకోటి. రెండూ ఒకరే అని చూపించే కాగితాలు పెట్టి ఒక లెటర్ ఇస్తే సరిపోతుంది. సర్టిఫికెట్ మీద పెన్నుతో దిద్దొద్దు. ఆఫీసులో నాకు తెలిసినవాళ్లున్నారు, వెనక అభ్యంగనం రాయించి తెస్తా, ఇంత ఇవ్వు అనేవాళ్లు తగులుతారు, వాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి. ఆఫీసు ఫీజు ఏదైనా ఉంటే రసీదుతో నేరుగా కట్టొచ్చు. సీలు మీద అనుమానం వస్తే మేత్రాసనం వాళ్లు ఆ చర్చికి ఫోన్ చేసి కనుక్కుంటారు, అప్పుడు పోయేది మీ పేరు, మధ్యలో డబ్బు తిన్నవాడిది కాదు.

పెళ్లయినవాళ్లకి ఒక మాట. చర్చిలో పెళ్లి జరగలేదనో, జరిగింది రిజిస్టర్‌లో ఎక్కలేదనో ఫారంలో ఆ గడి వదిలేస్తుంటారు. వదలకండి. ఎక్కకపోవడం వేరు, జరగకపోవడం వేరు, మొదటిది ఉత్తరంతో సరిపోతుంది, రెండోదాన్ని సరిచేసుకునే మార్గం చాలాసార్లు ఉంటుంది. ఫాదర్‌తో విడిగా కూర్చుని మాట్లాడండి, నలుగురి ముందు అడగాల్సిన విషయం కాదది.

తర్వాత పోలీస్ వెరిఫికేషన్, పిల్లల రక్షణ శిక్షణ. ఇన్నేళ్లుగా చర్చికి వస్తున్నాను, నన్నే పోలీసులతో తనిఖీ చేయిస్తారా అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ శ్రీసభలో పిల్లలకి జరిగిన అన్యాయాలు ఎన్నో ఏళ్లు దాచిపెట్టబడ్డాయి, ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో ఉండాలని 2019లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆదేశం ఇచ్చింది అందుకే. తనిఖీ మీ ఒక్కరికే కాదు, పిల్లల దగ్గరికి వెళ్లే అందరికీ. ఒకటికి మించి ఊళ్లలో ఉన్నవాళ్లకి ఎక్కువ టైం పడుతుంది, ముందే మొదలుపెట్టండి. శిక్షణ ఆన్‌లైన్లో ఉంటే మీ బదులు ఇంకెవరో కూర్చుని పూర్తి చేయడం వద్దు, ఒక పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు లాంటివి అందులోనే చెప్తారు, అవి తెలియకుండా క్లాసులోకి వెళ్లడం పిల్లలకీ మంచిది కాదు మీకూ మంచిది కాదు.

2021లో అప్పటి పోపు ఫ్రాన్సిస్‌గారు ఉపదేశకుల పరిచర్యని అధికారికంగా స్థాపించారు కదా, బిషప్‌గారి చేతుల మీదుగా ఆ పదవి తీసుకుంటేనే చెప్పాలా అని అడుగుతున్నారు. కాదు. అది వేరే, పిలుపుని బట్టి కొందరికి ఇచ్చేది. ఆదివారం పిల్లలకి చెప్పడానికి ఫాదర్‌గారి అనుమతి, పైన చెప్పిన కాగితాలు, శిక్షణ ఉంటే చాలు.

కాగితాలన్నీ ఇచ్చాక పిలుపు రావడానికి వారాలు పట్టొచ్చు. ఈలోపు ఎవరో టీచర్ రాలేదు, ఈ ఒక్క ఆదివారం క్లాసు చూసుకో అంటారు, మొహమాటానికి ఒప్పుకోకండి, వెరిఫికేషన్ రాలేదని చెప్పేయండి, ఎవరూ తప్పుపట్టరు. టీచర్ల మీటింగ్‌కి వెళ్లొచ్చు, ఆ ఏడాది పుస్తకం అడిగి తెచ్చుకుని మొదటి పాఠం ఇప్పట్నుంచే చదువుకోవచ్చు.