వానాకాలానికి ముందు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గదిలో తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్‌లో నైరుతి రుతుపవనాలు తెలుగునాట అడుగుపెట్టేలోపే ఎలక్ట్రాన్ పుంజంతో నమూనాలను ఎన్నో రెట్లు పెద్దవిగా చూపే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును నడిపేవారు గదిలోని తేమనూ, యంత్రాన్ని చల్లబరిచే నీటిని పంపే చిల్లర్‌నూ, లోపలి గాలిని తోడేసే పంపులనూ క్షుణ్ణంగా పరిశీలించుకోవాలి.

ఏసీ బాగా పనిచేస్తే తేమ గురించి ఆలోచించనక్కర లేదనుకుంటారు గానీ, అసలు ప్రమాదం ఏసీ ఆగినప్పుడే వస్తుంది. కరెంటు పోయి గది 28 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, గాలిలో తేమ 80 శాతం ఉంటే, సుమారు 24 డిగ్రీలకంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా నీరు పడుతుంది. ఆ సమయంలో యూపీఎస్ మీద నడిచే చిల్లర్ 20 డిగ్రీల నీటినే పంపుతూ ఉంటే గొట్టాలూ కటకాల చుట్టూ ఉన్న భాగాలూ చెమర్చి, ఆ తడి విద్యుత్ కనెక్షన్లకు చేరవచ్చు. అందువల్ల గదిలో తేమ కొలిచే మీటరు, తేమను తీసేసే యంత్రం తప్పక ఉండాలి. ఏసీ ఆగితే చిల్లర్‌ను ఏం చేయాలో తయారీదారు సూచనలు చూసి ముందే రాసి గోడకు అంటించాలి.

నమూనా ఉంచే ఛాంబర్‌ను తెరిచేటప్పుడు లోపలి శూన్యాన్ని బయటి గాలితో కాక పొడి నైట్రోజన్‌తోనే నింపాలి. తలుపు తెరిచి ఉంచిన ప్రతి నిమిషమూ లోపలి గోడలు తేమను పీల్చుకుంటాయి కనుక శూన్యం ఏర్పడడానికి ఎక్కువ సేపు పట్టడమే కాక, మిగిలిన నీటి ఆవిరి ఎలక్ట్రాన్లను వెలువరించే టంగ్‌స్టన్ ఫిలమెంటును (సన్నని తీగను) త్వరగా అరగదీస్తుంది. రోటరీ పంపు నూనె పాలలా తెల్లబారితే అందులో నీరు కలిసినట్లే; గ్యాస్ బాలస్ట్ (పంపులోకి కొద్దిగా గాలిని వదిలి నీటి ఆవిరిని బయటకు పంపే కవాటం) తెరిచి కొంతసేపు నడిపినా తేటపడకపోతే నూనె మార్చాలి. పొడులనూ రంధ్రాలున్న నమూనాలనూ ముందుగా ఆరబెట్టి డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) ఉంచాలి, వాటిని చేతి తొడుగులు లేకుండా తాకకూడదు.

క్యాలిబ్రేషన్‌ను (తెలిసిన కొలతలతో యంత్రాన్ని సరిచూడడాన్ని) వానలు మొదలవకముందే పూర్తిచేయడం మరింత ముఖ్యం, ఎందుకంటే తరువాత కొలతలో తేడా వస్తే పోల్చి చూడడానికి నమ్మకమైన ఆధారం అదొక్కటే. ఇందుకు వాడే, మిల్లీమీటరుకు 2160 గీతలున్న గ్రేటింగ్‌లో (సమాన దూరంలో గీతలున్న ప్రామాణిక పలకలో) గీతకూ గీతకూ మధ్య దూరం 463 నానోమీటర్లు. యంత్రం స్థిరపడ్డాక, నమూనా వంపును సున్నా చేసి, మీరు రోజూ వాడే వోల్టేజీలోనే, అదే పని దూరంలో (కటకానికీ నమూనాకూ మధ్య దూరంలో), అడ్డంగానూ నిలువుగానూ గీతల మధ్య దూరాన్ని కొలవాలి. నమూనాలోని మూలకాలను గుర్తించే ఎక్స్-కిరణ విశ్లేషణను సరిచూడడానికి శుద్ధమైన రాగి ముక్క సరిపోతుంది. అది వెలువరించే ఎక్స్-కిరణాల శిఖరాలు 0.93, 8.04 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కనిపించాలి.

వానాకాలంలో ఈ పరీక్షను వారం వారం చేసి తేదీతో నమోదు చేయాలి. ఏ వారమైనా తేడా కనిపిస్తే, అంతకు ముందు సరిగా వచ్చిన పరీక్ష తేదీ నుంచి తీసిన కొలతలన్నింటినీ తిరిగి సరిచూసేవరకు వాటిని ఏ పరిశోధన పత్రంలోనూ వాడకూడదు.