బోరు నీళ్ల ఇంటికి గీజర్: రివ్యూలు జల్లెడ పట్టండిలా

స్టార్ల సగటు చూసి కార్ట్‌లో వేసేయకండి. పది మంది ఇచ్చిన 4.8 కన్నా తొమ్మిది వందల మంది ఇచ్చిన 4.2 మేలు. నమ్మకం కుదరకపోతే ప్రతి మోడల్‌కీ 3.5 స్టార్ల ఉత్తుత్తి రివ్యూలు 20 కలిపి సగటు మళ్లీ కట్టండి. మొదటిది 3.93కి జారుతుంది, రెండోది 4.18 దగ్గర నిలుస్తుంది.

కొన్న వారంలో రాసినవి పక్కన పెట్టండి. ప్యాకింగ్ బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది... అంతకు మించి ఏముండదు వాటిలో. మన బోరు నీళ్ల దెబ్బ తెలిసేది నెలలు గడిచాకే. నీళ్లు కాచే ఎలిమెంట్‌కి సున్నం పేరుకుని నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, ట్యాంకుకి బదులు తాను అరిగిపోతూ దాన్ని కాపాడే మెగ్నీషియం కడ్డీ (యానోడ్ రాడ్) అయిపోయాక ట్యాంకు తుప్పు పడుతుంది. అందుకే రివ్యూల్లో 'హార్డ్ వాటర్', 'బోర్‌వెల్', 'లీకేజ్', 'యానోడ్' అని ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి. రెండు, మూడు స్టార్లవే అసలు సరుకు.

మోడల్‌కి ముప్పై చొప్పున ఏరి, తేదీలతో సహా ఏఐ చాట్‌బాట్‌కి ఇచ్చి ఇలా అడగండి: "ఏ ఫిర్యాదు ఎన్ని రివ్యూల్లో ఉందో, కొన్న ఎన్ని నెలలకో పట్టిక వెయ్యి. రివ్యూలో లేనిది రాయొద్దు." లెక్కలో తప్పులు దొర్లుతాయి, రెండు మూడు వరుసలు మీరే సరిచూసుకోండి.

ఇంకో మెలిక. 10, 15, 25 లీటర్ల రివ్యూలు ఒకే పేజీలో కలిసిపోయి ఉంటాయి, ప్రతిదాని దగ్గరా సైజు చూడండి. కూకట్‌పల్లికో ఎల్బీనగర్‌కో సర్వీస్ మనిషి ఎన్నాళ్లకొచ్చాడో ఎవరైనా రాసుంటే దానికి ఇంకాస్త ఎక్కువ విలువివ్వండి.