పిల్లలు పక్క తడుపుతున్నారా? ముందు విరేచనం సంగతి చూడండి

ఆరేళ్ల బాబు రాత్రి పక్క తడిపినా, ఎనిమిదేళ్ల పాప బట్టలకు మలం అంటినా, ఇంట్లో ముందు వచ్చే మాట "ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలియదా?" అనేదే. దయచేసి ఆ మాట మానేయండి. నిద్రలో జరిగేది పిల్లల చేతిలో ఉండదు. అమ్మకో నాన్నకో చిన్నప్పుడు ఇలా ఉంటే పిల్లలకూ రావచ్చు.

1. వారం రోజులు రాసి పెట్టండి. ఎప్పుడు తడిసింది, విరేచనం ఎప్పుడైంది, గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్నది రాయండి. రెండు రోజులు కొలత గ్లాసుతో మూత్రం కూడా కొలవండి. వయసుకు ఒకటి కలిపి 30తో గుణిస్తే మూత్రాశయంలో సుమారుగా ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో తెలుస్తుంది. ఏడేళ్లకు 240. ప్రతిసారీ అంతకన్నా బాగా తక్కువే వస్తుంటే డాక్టర్‌కు చెప్పండి.

2. మలబద్ధకం ఉందేమో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. పేగు చివర మలం పేరుకుపోతే పక్కనే ఉన్న మూత్రాశయం నొక్కుకుపోతుంది. అందుకే ఉన్నట్టుండి అర్జెంటవుతుంది, తడిసిపోతుంది. వారానికి మూడుసార్ల కన్నా తక్కువ వెళ్లడం, గట్టి ఉండలు, నొప్పి దీని గుర్తులు. ఒక్కోసారి గట్టి మలం పక్కనుంచి పలచటిది కారి బట్టలకు అంటుతుంది. దాన్ని నీళ్ల విరేచనాలనుకుని మందు వేస్తే సమస్య ముదురుతుంది.

తిన్నాక పేగులు కదులుతాయి. కాబట్టి భోజనమైన ఇరవై, ముప్పై నిమిషాలకు టాయిలెట్‌లో కూర్చోబెట్టండి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. కమోడ్ అయితే పాదాల కింద పీట వేయండి, మోకాళ్లు తుంటి కన్నా పైకి రావాలి. కూర్చున్నందుకే మెచ్చుకోండి, వచ్చిందా లేదా అని అడగొద్దు. డాక్టర్ మందు ఇస్తే, కాస్త తగ్గగానే మీ అంతట మీరు ఆపేయకండి. నెలల తరబడి వాడాల్సి రావచ్చు.

3. నీళ్లు తగ్గించకండి. పగలంతా కొంచెం కొంచెంగా తాగించి, పడుకునే ముందు గంట మాత్రం ఆపండి. టీ, కాఫీ, కోలా వద్దు. పగలు రెండు, మూడు గంటలకోసారి మూత్రానికి వెళ్లాలి, హడావిడి పడకుండా పూర్తిగా పోయాలి.

4. టీచర్‌తో విడిగా మాట్లాడండి. అడగకుండానే టాయిలెట్‌కు వెళ్లే అనుమతి, బ్యాగులో ఒక జత బట్టలు ఉంటే పిల్లల టెన్షన్ సగం తగ్గుతుంది.

5. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు? ఐదేళ్లు దాటి, ఇవన్నీ చేసినా పక్క తడుస్తుంటే వెళ్లండి. తడి తగలగానే మోగే అలారం, మాత్రలు ఉన్నాయి. మూత్రంలో మంట, జ్వరం, రక్తం, కాళ్లలో బలహీనత ఉంటే ఆలస్యం చేయొద్దు. విపరీతమైన దాహంతో బరువు తగ్గుతుంటే అదే రోజు చూపించండి, అది షుగర్ కావచ్చు.

టీనేజ్ పిల్లలైతే డాక్టర్‌తో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. మన ముందు నోరు విప్పలేని మాటలు అక్కడ చెబుతారు.