ఇంటి లెక్క నేర్చుకుందాం – 3: ఆ ఇరవై నాలుగు వేలు ఎవరివి?

రెండో పాఠంలో నెల ఆదాయం, తినే నోళ్లు, తలకు ఎంత అని రాసుకోమన్నాను, రాశారుగా? రాయకపోతే ముందు ఆ పని చేసి రండి, ఇవాళ విడగొట్టేది ఆ అంకెనే.

కొత్త పేజీ తీసి మూడు గడులు గీయండి. పని ఎవరిది, డబ్బు ఎవరి చేతికొచ్చింది, కాగితం ఎవరి పేరున ఉంది. గీయడం తేలికే, నింపేటప్పుడు ఇంట్లో గొడవైతే మాత్రం నన్ను తిట్టొద్దు.

మా పోచంపల్లి వైపు మగ్గమున్న ఇల్లొకటి తీసుకుందాం. నెలకు మజూరి, అంటే నేత కూలి, 24,000 అనుకోండి, ఇది లెక్క కోసం వేసిన అంకె. ఎవరు సంపాదించారని అడిగితే చిన్నపిల్లాడితో సహా అందరూ "నాయన" అంటారు. మరి అమ్మ? "ఇంట్లనే ఉంటది." ఆ ఇంట్ల ఉండే మనిషి కండెలు (నేతకు దారం చుట్టే చిన్న గొట్టాలు) చుడుతుంది, ఆసు పోస్తుంది. మా అమ్మ ఆసు పోసేటప్పుడు నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాలి, రాత్రయ్యేసరికి భుజం పైకి లేవక జడ వేయమని నన్ను పిలిచేది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం వాళ్లమ్మ పడే ఈ బాధ చూసే ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. యంత్రం వచ్చిన ఇళ్లలో నొప్పి తగ్గింది గానీ, మజూరి ఇప్పటికీ నాయనదే.

ఇప్పుడు మొదటి గడి. రోజుకు మగ్గం మీద అతను 8 గంటలు, ఆసూ కండెలూ కలిపి ఆమె 4 గంటలు, మొత్తం 12. 24,000ను 12తో భాగిస్తే 2,000, అంటే అతనివి 16,000, ఆమెవి 8,000. నేయడం, కండెలు చుట్టడం ఒకటేనా అని ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆమెకు జ్వరం వస్తే పక్కింటామెకు ఎంతిచ్చి ఆ పని చేయించుకుంటారో ఆ అంకె వేయండి. 6,000 వస్తే 6,000, సున్నా మాత్రం రాదు.

వంట, గిన్నెలు, నీళ్లు ఇందులో కలపొద్దు, వాటిని వేరే పేజీలో నిమిషాల్లో రాయండి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లకు 97 నిమిషాలు తేలింది. మీ ఇంటివి గడియారం చూసి ఒక్క రోజు రాస్తే చాలు, పండగ రోజు మాత్రం వద్దు.

రెండో గడికి ఎక్కువ చెప్పేదేం లేదు, డబ్బు ఎవరి ఖాతాలో పడిందో, ఎవరి జేబులోకి పోయిందో రాయడమే. అసలు కిరికిరి మూడో గడిలో ఉంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఆడమనిషే, బియ్యానికి ఆమె యజమానురాలు! అదే 2018లో తెలంగాణలో ఎకరానికి పంటకు 4,000 చొప్పున రైతుబంధు మొదలైతే, పత్తిలో కలుపు తీసింది ఎవరైనా డబ్బు అందింది పట్టా ఉన్నవాళ్లకే. పసుపు కుంకుమల కింద ఇచ్చామని నోటిమాటగా చూపించిన ఎకరాన్ని అందుకే ఆమె పేరు కింద రాయొద్దు.

పెళ్లి తేదీ కూడా రాయాలి, నవ్వకండి. అక్క పెళ్లి 1984లో, చెల్లి పెళ్లి 1987లో అయిందనుకోండి. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చిన, హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి రాష్ట్రం చేసిన సవరణతో హిందూ ఉమ్మడి ఆస్తిలో చెల్లికి అన్నదమ్ములతో సమాన వాటా వచ్చింది, అప్పటికే పెళ్లయిన అక్కకు రాలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ అక్కనూ చేర్చింది గానీ, 2004 డిసెంబర్ 20 కంటే ముందే రిజిస్టరై పోయిన పంపకాలను తిరగదోడలేదు. ఒక్క తల్లి పిల్లలే, మూడేళ్ల తేడాతో ఒకరికి భూమి, ఇంకొకరికి కూలి.

నాలుగో పాఠంలో భర్త లేని ఇంటి లెక్క చూద్దాం. ఈలోపు మీ ఇంటి మూడు గడులూ నింపండి. అమ్మ పెళ్లినాటి బంగారం తాకట్టులో ఉంటే రసీదు తీసి చూడండి, దాని మీద ఎవరి పేరుంటే మూడో గడిలో అదే రాయండి.