విశాఖలో మా కూలర్ జిగటను ఇలా తగ్గించాను

రామగుండంలో ఉన్నన్నాళ్లూ మే నెల ఎండల్లో మమ్మల్ని ఆదుకున్నది మా కూలరే. విశాఖకు మారాక అదే కూలర్ వేస్తే దుప్పట్లు చెమ్మగిల్లేవి, ఒళ్లంతా జిగట, పాపకు నిద్రే లేదు. చాలా టెన్షన్ పడ్డాను. కూలర్ పాడవలేదు. గాలి పొడిగా ఉంటేనే నీరు బాగా ఆవిరై చల్లబరుస్తుంది. సముద్రపు గాలిలో తేమ ముందే ఎక్కువ.

పైగా ఏసీకి మూసినట్టు తలుపులు, కిటికీలన్నీ మూసేశాను. కూలర్‌కు అలా కుదరదు, లోపలి తేమ బయటికి పోవాలి. అందుకే కూలర్ వెనక భాగాన్ని కిటికీకి ఆనించి, బయటి గాలి లాగేలా పెట్టాను. ఎదురు కిటికీ జానెడు తెరిచాను. గది చెమ్మగా అనిపించగానే నీళ్ల పంపు ఆపి, ఫ్యాన్ ఒక్కటే తిరగనిస్తాను. అసలు తేడా వచ్చింది ఇక్కడే. పాప ఇప్పుడు తెల్లారేదాకా నిద్రపోతోంది.