తీరం చదువుదాం – 3వ పాఠం: నత్తను కొలిచే పద్ధతి

పానగల్లు ఉదయసముద్రం చెరువు ఒడ్డున అలలు కొట్టే రాళ్ల చోటునూ, నీళ్లు కదలని బురద మూలనూ కిందటి పాఠంలో గుర్తుపెట్టుకున్నాం. ఈసారి రెండు చోట్లా నత్తల్ని కొలుద్దాం.

కొలిస్తే ఏం తెలుస్తుందో ముందు చూడండి. స్వీడన్ పడమటి తీరంలో లిట్టోరినా అనే చిన్న సముద్రపు నత్త ఉంది. అలలు బలంగా కొట్టే రాళ్ల మీద అది చిన్నగా, పలుచని గుల్లతో ఉంటుంది. గుల్ల నోరు మాత్రం పెద్దది. అందులో పెద్ద పాదం పడుతుంది, రాయిని గట్టిగా పట్టుకుంటుంది. పీతలు తిరిగే ప్రశాంతమైన ఒడ్డున అదే జాతి పెద్దగా, మందపాటి గుల్లతో, ఇరుకు నోటితో పెరుగుతుంది. ఏదైనా తగిలితే లోపలికి ముడుచుకుని చాలాసేపటి దాకా బయటికి రాదు. 1988లో విషపు నాచు వల్ల అక్కడి చిన్న దీవుల మీద నత్తలు చచ్చిపోయాయి. 1992లో శాస్త్రవేత్తలు అలలు కొట్టే అలాంటి ఒక దీవి మీద పీతల ఒడ్డు నత్తల్ని వదిలారు. సుమారు ముప్పై ఏళ్లలో వాటి సంతతి అలల ఒడ్డు నత్తల రూపానికి వచ్చేసింది. నాకు ఈ ప్రయోగమంటే ప్రాణం. ఏళ్ల తరబడి ఓపిగ్గా కొలిచారు కాబట్టే ఆ మార్పు బయటపడింది.

మన చెరువుకు ఆటుపోట్లు లేవు. నీళ్లు నెలల తరబడి మెల్లగా తగ్గుతాయి. అందుకని స్వీడన్ ఫలితాన్ని తెచ్చి ఇక్కడ అతికించకండి. కొలిచే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

కర్రలతో 50 సెంటీమీటర్ల చదరపు చట్రం కట్టండి. ఒడ్డు వెంట టేపు పరిచి, చీటీ తీసి, వచ్చిన అంకె దగ్గర చట్రం పెట్టండి. నచ్చిన చోట పెట్టారంటే చెయ్యి నత్తలు బాగా కనబడే చోటికే పోతుంది. చట్రంలో ఉన్నవన్నీ ఏరాలి. రాళ్ల కింద దాగిన పిల్ల నత్తల్ని వదిలేస్తే సగటు పెరిగిపోతుంది, లెక్కంతా తప్పుతుంది.

ఇంటర్ ల్యాబులో వాడే వెర్నియర్ కాలిపర్స్ చాలు. గుల్ల కొన నుంచి నోటి కింది అంచు దాకా పొడవు, ఆ తర్వాత నోటి పొడవు రాయండి. రెండోది ఎందుకంటే, ముసలి నత్తల కొన తరచూ అరిగి తెల్లగా, మొండిగా ఉంటుంది. అప్పుడు మొత్తం పొడవును నమ్మలేం, నోటి కొలతే దిక్కు. పక్కనే ‘కొన అరిగింది’ అని రాసుకోండి.

చేతులకు గ్లౌజులు తప్పనిసరి. గొర్రెలకు, బర్రెలకు కాలేయంలో వచ్చే జలగ రోగం పురుగు కొంతకాలం కొన్ని రకాల నత్తల్లోనే పెరుగుతుంది. నత్తల్లో పెరిగే వేరే రకం పురుగుల వల్ల మన చర్మానికి దురద రావచ్చు.

కదలిక కోసం గుల్ల తుడిచి ఆరబెట్టి, గోళ్ల రంగు ఒక చుక్క పెట్టి, నత్తను తీసిన చోటే వదిలి మేకు పాతండి. మర్నాడు అదే వేళకు మేకు నుంచి నత్త దాకా టేపు పట్టండి. ఆ కొలత నత్త తిరిగిన దారి కాదు, రెంటి మధ్య ఎడం మాత్రమే. దొరకని నత్తకు సున్నా వెయ్యకండి, ‘దొరకలేదు’ అని రాయండి. అది దూరం పోయిందో, కొంగ తిందో మనకు కనబడలేదు.

వచ్చే పాఠానికి రెండు చోట్ల నుంచీ ముప్పైకి తగ్గకుండా కొలతలు, గ్రాఫ్ కాగితం దగ్గర పెట్టుకోండి.