అడవి అంచు ఊళ్లలో చిన్న యూనిట్: దరఖాస్తు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చేయాలి

ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల చుట్టూ ఉన్న ఊళ్లలో, అటు కవ్వాల్ పులుల అభయారణ్యం పక్క గూడేల్లో సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకోవాలనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. విస్తరాకుల మిషన్, తేనె వడకట్టి సీసాల్లో నింపడం, ఇప్పపువ్వు లడ్డూలు, వెదురు బుట్టలు, కారం పసుపు పట్టే గిర్నీ. వీటికి సబ్సిడీతో రుణం దొరుకుతుంది, అనుమతులూ వస్తాయి. కానీ మైదాన ప్రాంతంలో లాగా నేరుగా బ్యాంకుకు వెళ్తే ఇక్కడ పని సాగదు. ముందు స్థలం, తర్వాత గ్రామసభ, ఆ తర్వాతే ఆన్‌లైన్ దరఖాస్తు. ఈ వరుస తప్పితే రుణం చేతికొచ్చాక అభ్యంతరాలు మొదలవుతాయి. షెడ్డు పని ఆగిపోతుంది, వడ్డీ మాత్రం ఆగదు.

స్థలం సంగతి ముందు తేల్చుకోండి

మీరు షెడ్డు వేయాలనుకున్న సర్వే నంబరు రాసుకుని జిల్లా అటవీ అధికారి ఆఫీసుకో, కనీసం మీ రేంజ్ ఆఫీసుకో వెళ్లండి. అక్కడ అడగాల్సినవి రెండు. ఆ నంబరు అభయారణ్యం హద్దు లోపల ఉందా? లేకపోతే, హద్దు చుట్టూ ఆంక్షలతో ఉండే ఎకో సెన్సిటివ్ జోన్‌లోకి వస్తుందా? నోటి మాట చాలదు. తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చి, దాని కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

హద్దు లోపల అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వర్తిస్తుంది. వాణిజ్య లాడ్జీలు, హోటళ్లు కట్టాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు ముందస్తు ఆమోదం కావాలి. పులుల అభయారణ్యం కోర్ ప్రాంతంలో కొత్త యూనిట్ ఆలోచనే పెట్టుకోవద్దని నా సలహా. హద్దు బయట ఎకో సెన్సిటివ్ జోన్‌లో పరిస్థితి వేరు. కేంద్ర పర్యావరణ శాఖ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు పనులను మూడు రకాలుగా విడదీశాయి. గనులు, సామిల్లులు, కాలుష్యం చేసే పరిశ్రమలు నిషేధం. హోటళ్లు, రిసార్టులు, వ్యాపారం కోసం భూగర్భ జలం తోడటం, చెట్లు కొట్టడం నియంత్రణలో ఉంటాయి. సేంద్రియ సాగు, వాననీటి నిల్వ, సోలార్ వంటి వాటికి ఇబ్బంది లేదు. వ్యాపారం కోసం వంటచెరకు వాడటం కూడా నిషేధ జాబితాలోనే ఉంది. అందుకే ఇప్పపువ్వు ఉడికించడానికో, తేనె వేడి చేయడానికో కట్టెల పొయ్యి అని ప్రాజెక్టు రిపోర్టులో రాయకండి. గ్యాస్, కరెంటు లేదా సోలార్ డ్రయ్యర్ పెట్టుకుని దాన్నే రాయండి. ఒక్కో అభయారణ్యానికి నోటిఫికేషన్ వేరుగా ఉంటుంది కాబట్టి మీ ఊరికి ఏది వర్తిస్తుందో ఆఫీసులోనే చూపించమనండి.

ఇక భూమి. తాడ్వాయి, ఏటూరునాగారం, కొత్తగూడ లాంటి ఏజెన్సీ మండలాల్లో గిరిజన ప్రాంత భూముల బదిలీని కట్టడి చేసే 1/70 చట్టం అమల్లో ఉంది. గిరిజనేతరులు అక్కడ భూమి కొనడం, లీజుకు తీసుకోవడం కుదరదు. బినామీ పేరుతో చేసుకుందామనే మాట ఎవరు చెప్పినా వినకండి. ఆ భూమి తిరిగి తీసుకుంటారు, మీరు పెట్టిన డబ్బు పోతుంది, అన్నిటికన్నా ముందు ఒక గిరిజన కుటుంబానికి అన్యాయం జరుగుతుంది. పోడు పట్టా ఉన్నవాళ్లు కూడా ఒకటి గమనించాలి. అటవీ హక్కుల చట్టం, 2006 కింద వచ్చిన పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. సొంత నివాసానికి, సాగుకు ఇచ్చిన భూమి అది. యూనిట్ షెడ్డు గ్రామకంఠంలోని సొంత జాగాలో వేసుకోవడమే మంచిది.

వాగు ఒడ్డు జాగా చౌకగా దొరుకుతుంది, నీళ్లూ దగ్గర. అయినా వద్దు. 2023 జులైలో జంపన్నవాగు పొంగి కొండాయిని ముంచెత్తినప్పుడు మనుషులే కొట్టుకుపోయారు.

గ్రామసభ తీర్మానం

ఏజెన్సీ గ్రామాల్లో పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం, 1996 ప్రకారం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభది. అటవీ హక్కుల చట్టం కూడా వాటిని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు అడవిలో బతికే కుటుంబాలకు ఇచ్చింది. వెదురు, తేనె, మైనం, తునికాకు, టస్సర్ కాయలు, ఔషధ మొక్కలు, దుంపలు అన్నీ ఇందులోకి వస్తాయి. 2012లో మార్చిన నిబంధనల్లో ఇంకో మంచి మాట ఉంది. ఈ సరుకుకు రాయల్టీ, ఫీజు ఏదీ లేదు. ఊళ్లోనే ప్రాసెసింగ్ చేసుకోవచ్చు. రవాణా పర్మిట్ గ్రామసభ వేసిన కమిటీయే ఇవ్వొచ్చు. ఈ సంగతి తెలియక చెక్‌పోస్టు దగ్గర టెన్షన్ పడేవాళ్లు ఎందరో. సామూహిక హక్కు పత్రం ఇంకా రాని ఊళ్లు ఫారం ‘బి’లో క్లెయిమ్ పెట్టుకోవాలి. అది గ్రామసభ నుంచి సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళ్తుంది.

మీ యూనిట్ కోసం గ్రామసభలో పెట్టే తీర్మానంలో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఏ సరుకు, ఏ అడవి భాగం నుంచి, ఏ నెలల్లో, సుమారు ఎంత. “ఫలానా వారికి యూనిట్ పెట్టుకునేందుకు అభ్యంతరం లేదు” అని ఒక్క వాక్యం రాయించుకుంటే అది తర్వాత ఎందుకూ పనికిరాదు. అటవీ హక్కుల విషయమై జరిగే గ్రామసభకు సభ్యుల్లో సగం మంది హాజరవ్వాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. సంతకాలు, వేలిముద్రల పేజీ కూడా జిరాక్స్ తీసి పెట్టుకోండి.

అడవి సరుకు ప్లాన్

ప్రాజెక్టు రిపోర్టు రాసిచ్చేవాళ్లు మిషన్ ధర, కరెంటు బిల్లు, లాభం లెక్క అన్నీ రాస్తారు. ముడి సరుకు దగ్గర “స్థానికంగా లభ్యం” అని వదిలేస్తారు. అడవి పక్క ఊరికి ఈ రెండు మాటలు సరిపోవు. సరుకు తెచ్చే పద్ధతిని ఒకటిన్నర పేజీలో మీ మాటల్లో రాసి జతచేయండి. ఫారంలో దీనికి ప్రత్యేకంగా గడి ఉండదు. అయినా అటవీ అధికారులకు నమ్మకం కలిగించేది ఇదే. పదేళ్ల తర్వాత మీ యూనిట్‌కు సరుకు ఉంటుందా లేదా అన్నది కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పపువ్వు సంగతి తీసుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలే పువ్వు కనబడాలని చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. ఆ నిప్పే అడవిలోకి పాకుతుంది, ఇప్ప మొలకలన్నీ కాలిపోతాయి. చెట్టు కింద వల గానీ పాత చీరలు గానీ కడితే నిప్పు అవసరమే లేదు, పువ్వుకు మట్టి అంటదు, తిండి సరుకుగా మంచి ధర కూడా పలుకుతుంది. వలల ఖర్చును ప్రాజెక్టులో చూపించండి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారంటే శుభ్రమైన పువ్వు విలువ ఏమిటో తెలుస్తుంది. పువ్వును పెద్దమొత్తంలో నిల్వ చేసేటట్టయితే ముందే ఎక్సైజ్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెలియజేయండి. సారా కోసమన్న అనుమానానికి తావుండదు.

తేనెకు చెట్టు నరకకూడదు, పట్టును మొత్తం కోయకూడదు. పిల్ల ఉన్న భాగం వదిలేసి తేనె గది వరకే కోస్తే ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. తపసి చెట్టు బంకకు గాటు లోతుగా పెడితే చెట్టే చచ్చిపోతుంది. అడ్డాకుకు తీగను మొదలంటా నరకకుండా ముదురాకులే కోయాలి. ఇవన్నీ గూడెం పెద్దలకు మన కంటే బాగా తెలుసు. వాళ్లను కూర్చోబెట్టుకుని రాయించండి.

విస్తరాకులకు గిరాకీ ఉంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధం. రెండేళ్లకోసారి మేడారం జాతర. ఆ నాలుగు రోజుల కోసం ముందు ఏడాది నుంచే ఆకు దాచుకోవాలని, తేమ తగలని గది కావాలని ప్రాజెక్టులో రాసుకోండి.

ఏ పథకం కింద పెట్టాలి

తిండి సరుకైతే పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్ర పథకం) చూడండి. 2020లో మొదలైన ఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా ₹10 లక్షలు సబ్సిడీ. కనీసం 10 శాతం మీరు పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు రుణం. ఇప్పటికే ఆహార సరుకులు చేస్తున్న మహిళా సంఘాల సభ్యులకు చిన్న పనిముట్లు, పెట్టుబడి కోసం ఒక్కొక్కరికి ₹40,000 వరకు సీడ్ క్యాపిటల్ ఉంది. అది సమాఖ్య ద్వారా వస్తుంది, మహిళా సంఘాల పని చూసే ఐకేపీ ఆఫీసులో అడగాలి. దరఖాస్తు నింపడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ సాయం చేస్తారు. ఆయన పారితోషికం పథకం నుంచే వస్తుంది, మీరు పైసా ఇవ్వనక్కర్లేదు.

విస్తరాకులు, వెదురు పని, నేత లాంటివాటికి పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. 2022 సవరణ ప్రకారం తయారీ యూనిట్‌కు ₹50 లక్షలు, సేవల యూనిట్‌కు ₹20 లక్షల వరకు ప్రాజెక్టు ఖర్చు ఉండొచ్చు. పల్లెల్లో జనరల్ కేటగిరీకి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, దివ్యాంగులకు 35 శాతం సబ్సిడీ. కొత్త యూనిట్లకే, కుటుంబంలో ఒక్కరికే.

లెక్క ఇలా ఉంటుంది. ఒక గిరిజన మహిళ ₹8 లక్షలతో విస్తరాకుల యూనిట్ పెడుతుందనుకుందాం. ఆమె వాటా 5 శాతం, అంటే ₹40,000. బ్యాంకు ₹7,60,000 ఇస్తుంది. సబ్సిడీ ₹2,80,000. ఈ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. అంత మొత్తం రుణం మీద వడ్డీ పడదు. యూనిట్ నడుస్తున్నట్టు తనిఖీలో తేలాక రుణంలో జమ చేసుకుంటారు. మధ్యలో మూసేస్తే సబ్సిడీ పోతుంది. తయారీలో ₹10 లక్షలు దాటితేనే ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న షరతు ఉంది, కాబట్టి చదువు లేదని ఆమె వెనక్కి తగ్గనక్కర్లేదు. భూమి ఖరీదును ప్రాజెక్టు ఖర్చులో కలపకూడదు.

గూడెమంతా కలిసి చేయాలనుకుంటే వన్ ధన్ కేంద్రం (గిరిజన సంఘాలు కలిసి అడవి సరుకును తయారుచేసి అమ్ముకునే కేంద్రం) మేలు. పదిహేను సంఘాలు, సుమారు 300 మంది కలిస్తే ఒక క్లస్టర్, దానికి ₹15 లక్షల వరకు సాయం. సభ్యుల్లో ఎక్కువమంది గిరిజనులై ఉండాలి. దీనికి జిల్లా పరిశ్రమల కేంద్రం కాదు, ఏటూరునాగారం లేదా ఉట్నూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ)కు వెళ్లాలి. ఒక్కరు మిషన్ కొని ఊరందరి దగ్గర చౌకగా ఆకు కొనడం కన్నా ఇదే న్యాయమని నేను నమ్ముతాను. కాకపోతే లెక్కల పుస్తకం రాసే మనిషి ఒకరు గట్టిగా నిలబడాలి.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు

పథకాల గడువును కేంద్రం ఎప్పటికప్పుడు పొడిగిస్తుంటుంది. కాబట్టి ఖర్చు పెట్టే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి. పీఎంఈజీపీ దరఖాస్తులో ఏజెన్సీ (పథకం అమలు చేసే సంస్థ) అనే చోట పరిశ్రమల కేంద్రాన్ని ఎంచుకుంటే మీ జిల్లాలోనే అడగడానికి మనుషులు ఉంటారు. ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయండి. కుల ధ్రువీకరణ మీసేవ నుంచి, గ్రామీణ ప్రాంత ధ్రువీకరణ పంచాయతీ నుంచి, ఇవి కాక ఫొటో, చదువు సర్టిఫికెట్ ఉంటే అది, పాన్, ప్రాజెక్టు రిపోర్టు. వీటితోపాటు గ్రామసభ తీర్మానం, అటవీ ఆఫీసు జవాబు, సరుకు ప్లాన్ మూడింటినీ ప్రాజెక్టు రిపోర్టు చివర చేర్చి ఒకే ఫైలుగా అప్‌లోడ్ చేయండి. బ్యాంకు శాఖను ఎంచుకునే ముందు ఒకసారి ఆ మేనేజర్‌ను కలిసి మాట్లాడటం మంచిది.

పరిశ్రమల కేంద్రం పరిశీలించి, తప్పులుంటే సరిచేయమని తిప్పి పంపుతుంది. ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు చూస్తూ ఉండండి. తర్వాత ఫైలు బ్యాంకుకు వెళ్తుంది, వాళ్లు స్థలం చూస్తారు. ₹10 లక్షల లోపు రుణానికి తాకట్టు అడగకూడదు. మంజూరయ్యాక శిక్షణ ఉంటుంది, ₹5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు పది రోజులు.

చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. తిండి సరుకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. చపాట మిర్చి కారం చేసేవాళ్లు ఇంకో పని చేయండి. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అధీకృత వాడుకదారుగా నమోదైతే ఆ ముద్రతో అమ్ముకోవచ్చు. ఈ నమోదు దరఖాస్తు ఫీజును 2020లో ₹500 నుంచి ₹10కి తగ్గించారు.

ఆగిపోతే

బ్యాంకు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆ కాగితంతో జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్‌ను కలవండి. అటవీ ఆఫీసులో జవాబు రాకపోతే ముద్ర వేయించుకున్న అర్జీ కాపీని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి. ఏజెన్సీ మండలాల వాళ్లు ఐటీడీఏలో కూడా ఇవ్వొచ్చు. ప్రతిచోటా రసీదు నంబరు తీసుకోండి, తర్వాతి సోమవారం అదే నంబరు చెప్పి అడగండి.